నేలచెవికి వినబడనిది

"అక్కులమ్మ గారూ, బాగున్నారా? మీ ఎడమ మోకాలు ఎలా ఉందండీ?"

పొద్దున ఏడింటికి చీపురు చంకలో పెట్టుకుని ఫోనెత్తిన అక్కులమ్మ ఆ గొంతు విని కరిగిపోయింది. పట్నం గొంతు, బెల్లంపాకం లాంటి గొంతు. అనంతపురంలో కూతురు నాగవేణి పనిచేసే ఆఫీసులో ఎవరో స్నేహితురాలు కాబోలు అనుకుంది.

"ఏం బాగు తల్లీ! మెట్టెక్కితే కటుక్కుమంటాది. నీకెవరు చెప్పినారు, మా పాపనా?"

"మీ అడుగులే చెప్పాయండీ. పది రోజులుగా మీరు ఎడమ కాలు తేలిగ్గా వేస్తున్నారు. మా దగ్గర మంచి తైలం ఒకటి ఉంది. రెండు సీసాలు తీసుకుంటే..."

అక్కులమ్మ ఫోను చెవి దగ్గర నుంచి తీసి దాని మొహంలోకి చూసింది. తర్వాత తన కాళ్ల వైపు చూసుకుంది. ఆ తర్వాత వాకిలి మూలనున్న బోరు వైపు చూసింది. బోరు గొట్టానికి అతికించిన నల్లటి బిళ్ల ఒకటి, అరచేయంతది, ఏమీ ఎరగనట్టు ఎండ కాచుకుంటోంది.

దాని పేరు నేలచెవి. రెండేళ్ల కిందట దాన్ని అక్కడ అతికించింది నాగవేణే.

నాగవేణి ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి. ఆ తర్వాత ఆగకుండా భూగర్భశాస్త్రంలో ఎమ్మెస్సీ దాకా పోయింది. వాళ్ల నాయన ఓబులేసు బొమ్మగానిపల్లె చుట్టుపక్కల నీళ్ల పాయింట్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలో నడిస్తే, నీళ్లున్న చోట టెంకాయ నిలువుగా లేస్తుందని జనం నమ్మకం. లేచేది కూడా. నీళ్లే, ఒక్కోసారి పడేవి కావు. ఊరి మంచినీళ్ల బోరుకు ఓబులేసు చూపించిన రెండు చోట్లా వరసగా పొడి మట్టే వచ్చింది. "నాయనా, అసలు కింద ఏముందో తెలుసుకునే దారే లేదా?" అని ఎనిమిదేళ్ల వయసులో అడిగిన పిల్ల, పెద్దదై ఆ దారి ఉన్న లాబులోనే ఉద్యోగం సంపాదించింది.

ఆ దారి కనిపెట్టింది డాక్టర్ ఇందుమతి. బండ పగుళ్లలో నీళ్లు నడిచేటప్పుడు చప్పుడవుతుంది, మనిషి చెవికి అందనంత సన్నగా. నేలచెవి బోరు గొట్టాన్ని పట్టుకుని ఆ చప్పుడు వింటుంది. విని, ఈ బోరులో ఇంకా ఎన్ని నెలలకు నీళ్లున్నాయో ఇంటివాళ్ల ఫోనుకు ఒక అంకె చెబుతుంది. సున్నా నుంచి పదిహేను దాకా. తప్పు పోదు. మొదటిసారి అక్కులమ్మ బోరుకు పెట్టి చూసినప్పుడు "ఆరు" అంది. సరిగ్గా ఆరో నెల ఆఖరికి మోటారు గాలి కక్కింది, ఆ తర్వాత వానలొచ్చాక గానీ నీళ్లు రాలేదు. అప్పట్నుంచి ఊరంతా నాగవేణి మాటే వేదం.

బొమ్మగానిపల్లెలో సొంత బోర్లున్న ఇళ్లు అరవై మూడు. అరవై మూడు ఇళ్లకూ నాగవేణే తిరిగింది. ఒప్పందం కాగితాలు తనే తెలుగులో రాసింది, తనే చదివి వినిపించింది, తనే వేలిముద్రలు వేయించింది. "ఓబులేసు కూతురు చెప్తాండాది కదా, ఇంక చూసేదేముంది" అని చదువురాని వాళ్లు వేలు చాచారు, చదువొచ్చిన వాళ్లు చదవకుండా సంతకం పెట్టారు.

ఆ కాగితంలో పదకొండో షరతు ఒకటుంది. బోరు అంకె కంపెనీ సొత్తు. దాన్ని వాడకందారుడు వినవచ్చు గానీ, నోటితో గానీ, ఫోనులో గానీ, కాగితం మీద గానీ, తెర మీద గానీ మూడో మనిషికి తెలియజేయరాదు. తెలియజేస్తే మోటారు వారం రోజులు ఆగిపోవును.

రాసేటప్పుడు నాగవేణికి అదేమంత పెద్ద సంగతి అనిపించలేదు. లాబును నడిపే హైదరాబాదు కంపెనీ పేరు భూశ్రవ, చిన్నగా ఎదుగుతున్న కంపెనీ. దాని రహస్యాలు దానికుంటాయి అనుకుంది.

అసలు సంగతి మొదట తెలిసింది పక్కింటి హుసేన్ బీకి. ఒకనాడు ఆమె గోడ మీదుగా అక్కులమ్మతో, "మాది నాలుగంట అక్కులక్కా, పండగ దాకా రావేమో" అంది. అంతే. మర్నాడు మీట నొక్కితే, నేలచెవి తీగ కలిపిన మోటారు ఉలకలేదు, పలకలేదు. వారం రోజులు ట్యాంకరు నీళ్లే. నీళ్ల చప్పుడు వినే చెవికి మనుషుల మాటలూ వినబడతాయని, అడుగులూ వినబడతాయని అప్పుడు ఊరికి అర్థమైంది. అప్పట్నుంచి కంపెనీ తరఫున సరుకులమ్మే ఫోన్లు మొదలయ్యాయి. అల్లుడొచ్చి చెప్పులు విప్పాడో లేదో, "మీ ఇంట్లో కొత్త అడుగులు వినబడుతున్నాయి, నాటుకోడి పంపమంటారా?" అని ఫోను. పిల్లవాడు నడక నేర్చిన మూడో రోజుకే గజ్జెల బూట్ల ఫోను.

జనం వాటికి నవ్వుకున్నారు గానీ, ఒకటి మాత్రం నవ్వుకుంటే పోయేది కాదు. ఒకప్పుడు ఎవరి బోరు ఎట్లుందో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు ఎవరి అంకె వాళ్ల గొంతులోనే. ఊరికింద నీళ్లు ఎటు పోతున్నాయో మొత్తంగా తెలిసిన వాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు. హైదరాబాదులో మాత్రం ఉన్నారు.

* * *

తైలం ఫోను వచ్చిన ఆ సోమవారమే అక్కులమ్మ లాబుకు ఫోను చేసి మోకాలి సంగతి చెప్పి తిట్టింది. తర్వాత అసలు కబురు చెప్పింది.

"గురువారం రిగ్గు లారీ వస్తాదంట పాపా. మంచినీళ్ల బోరుకు సాంక్షన్ అయిందని పంచాయతీలో చెప్పినారు. ఒక్క పాయింటు, ఒక్క రోజు, మూడు వందల అడుగులు. పడితే పడినట్లు, ల్యాకపోతే మళ్లీ వచ్చే ఏడే. మీ నాయన్ను పాయింటు చూడమంటే చూడనంటాండాడు."

"నాయన చూడనన్నాడా?"

"రెండుసార్లు నవ్వులపాలైతిని, మూడోసారి కానంటాడు. బోర్లు లేని ఇండ్లు ఎనభై ఉండాయి. ట్యాంకరు దినం మార్చి దినం వస్తాది. ఎట్లనే?"

నాగవేణి ఫోను పెట్టేసి తిన్నగా డాక్టర్ ఇందుమతి గదికి పోయింది. యాభై దాటిన మనిషి, చెవుల మీద పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఏదో బోరు పాట వింటూ కళ్లు మూసుకుని ఉంది.

"మేడమ్, మా ఊరి పటం కావాలి. అరవై మూడు అంకెలు ఒక్కచోట పెడితే పగులు ఎటు పోతోందో ఐదు నిమిషాల్లో చెప్పొచ్చు."

"చెప్పొచ్చు," అంది ఇందుమతి హెడ్‌ఫోన్లు తీసి. "అందుకే కదా నేలచెవి చేశాను. కానీ నాగవేణీ, ఇప్పటిదాకా ఒక్క ఊరి పటమైనా నేను చూడలేదు, తెలుసా? నాకు ఒక్కో బోరే వినిపిస్తారు. మొత్తం హైదరాబాదులో తాళం వేసి ఉంటుంది."

"అడుగుదాం మేడమ్."

అడిగారు. హైదరాబాదులో ఒప్పందాల వ్యవహారాలు చూసే విక్రాంత్ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. నున్నగా దువ్విన తల, వెనకాల అద్దాల కిటికీ, పదహారో అంతస్తు మేఘాలు.

"నాగవేణి గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. దరఖాస్తు పెట్టించండి. తొంభై పనిదినాల్లో పరిశీలిస్తాం."

"రిగ్గు గురువారం వస్తుంది సార్."

"మరి అది రిగ్గు వాళ్ల సమస్య కదా." అతను మర్యాదగా నవ్వాడు. "చూడండి, ఆ పటం కోసం రెండు నీళ్ల సీసాల కంపెనీలు మాతో మాట్లాడుతున్నాయి. ఊరికే ఇచ్చేస్తే వాళ్లకేం చెప్పాలి?"

తెర ఆరిపోయింది. నాగవేణి బల్ల మీదున్న పరీక్షల కంప్యూటరు వంక చూసింది. బొమ్మగానిపల్లె బోర్లకు నేలచెవులు అతికించినప్పటి తాళంచెవి ఆమె దగ్గర ఇంకా ఉంది. నాలుగు మీటలు నొక్కితే అరవై మూడు అంకెలూ వచ్చి ఒళ్లో వాలతాయి.

ఇందుమతి కూడా అటే చూసి, వెంటనే కిటికీ వైపు తిరిగింది. "నేను టీ తాగి వస్తాను. అరగంట పడుతుంది," అంది.

అరగంట తర్వాత ఆమె తిరిగొచ్చేసరికి నాగవేణి అదే కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది.

"తీయలేదా?"

"లేదు మేడమ్. సంతకం పెట్టాను. దొంగతనంగా తెచ్చిన అంకెతో బోరేస్తే, మా ఊరివాళ్ల మోటార్లన్నీ ఆపడానికి వాళ్లకు ఒక సాకు దొరుకుతుంది." కుర్చీలోంచి లేచి అంది, "మూడు రోజులు సెలవు కావాలి."

* * *

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదు. అక్కులమ్మ పొయ్యి దగ్గర కొర్రన్నం వార్చుతోంది. ఓబులేసు అరుగు మీద కూర్చుని టెంకాయకు పీచు వలుస్తున్నాడు, పచ్చడికి.

"నీ పనిముట్టును పచ్చడి చేస్తాండావా నాయనా?" అంది నాగవేణి.

"దానికి అదే మంచిది. నీ చెవి వచ్చినాక నా టెంకాయ మాట ఎవరు వింటాండారు?" అని నవ్వాడు ఓబులేసు. ఆ నవ్వులో కోపం లేదు. అదే నాగవేణికి గుచ్చుకుంది.

ఆమె గొంతు తగ్గించి, బోరుకు దూరంగా వంటింట్లోకి పోయి, అమ్మకు పదకొండో షరతు ఇంకోసారి చదివి వినిపించింది. తప్పు తనదేనని చెప్పింది. తనే రాసింది, తనే వేలిముద్రలు వేయించింది. ఇప్పుడు ఒకరి అంకె ఒకరికి చెప్పుకునే దారి తనే మూసేసింది.

అక్కులమ్మ గంజి వార్చడం ఆపింది. "మళ్లీ చదువు."

"నోటితో గానీ, ఫోనులో గానీ, కాగితం మీద గానీ, తెర మీద గానీ..."

"ఇంకా?"

"అంతే."

"వాకిలి సంగతి ఏమీ రాయలేదా?"

"వాకిలేందమ్మా?"

"నోటితో చెప్పొద్దన్నారు, చెప్పం. కాగితం మీద రాయొద్దన్నారు, నాకు రాయనే రాదు. పొద్దున లేచి నా వాకిట్లో నేను ముగ్గు వేసుకుంటా. నడి వరసలో ఎన్ని చుక్కలు పెట్టుకోవాలో నా ఇష్టం. అది కూడా మీ కంపెనీని అడిగి పెట్టుకోవాల్నా?"

నాగవేణి చేతిలోని కాగితం అట్లాగే ఉండిపోయింది. అరుగు మీద టెంకాయ చప్పుడు కూడా ఆగింది.

"ముగ్గుకు చప్పుడు ఉండదు కదే," అన్నాడు ఓబులేసు మెల్లగా.

* * *

కబురు మంగళవారం పొద్దున ట్యాంకరు దగ్గర పాకింది. ట్యాంకరు నిలబడేది బడి ముందర, అక్కడ బోరు లేదు, నేలచెవి లేదు. బిందెల వరసలోనే అక్కులమ్మ చట్టం చేసేసింది. బోరున్న ప్రతి ఇంటి ముందరా రేపు ముగ్గు. నడి వరసలో ఎన్ని చుక్కలో అన్ని నెలల నీళ్లు. సున్నా వచ్చినోళ్లు చుక్కల్లేకుండా ఒట్టి పద్మం వేయాలి. కళ్లాపికి చెంబెడు నీళ్లకు మించి పోయగూడదు.

"మరి మేమో?" అంది హుసేన్ బీ. "మా ఇంటి ముందర ముగ్గు వేయము కదక్కా."

"నువ్వు మిరపకాయలు ఎండబోస్తావు కదా."

"పోస్తా."

"కుప్పలుగా పొయ్యి."

హుసేన్ బీ మొహం వెలిగిపోయింది. ఆడమనిషి లేని ఇల్లొకటుంది, పెళ్లి కాని అన్నదమ్ములిద్దరిది. వాళ్లు ముగ్గు రాదని నసిగారు. "చుక్కలు పెట్టేదానికి ఏం చదువు కావాల? గొర్రెలు లెక్కపెట్టేది వస్తాది కదా?" అని పదిమంది మీదపడేసరికి ఒప్పుకున్నారు.

బుధవారం తెల్లారేసరికి నాగవేణి ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కింది. నీళ్లెక్కని ట్యాంకు, ఎక్కడానికి మాత్రం బాగానే పనికొస్తుంది. వెనకాలే ఓబులేసు ఆయాసపడుతూ ఎక్కాడు. కింద ఊరంతా కళ్లాపి చల్లిన ముదురు వాకిళ్లు, వాటి మీద తెల్లటి ముగ్గులు. ఒక వాకిట్లో ఎర్రటి మిరపకాయల కుప్పలు వరసగా నాలుగు. అన్నదమ్ముల ఇంటి ముందర మాత్రం ఏదో కోడి పిండిలో తిరిగినట్టుంది. చుక్కలైతే ఏడు, లెక్క తెలుస్తోంది.

పడమటి వీధి చూసి నాగవేణి ఎగిరి గంతేసింది. పదిహేను, పదమూడు, పద్నాలుగు, మళ్లీ పదిహేను. అంతంత పెద్ద ముగ్గులు వరసగా ఎనిమిది.

"నాయనా! చెరువుంది! పడమటి వీధి కింద చెరువే ఉంది!"

ఓబులేసు కళ్లు చికిలించి చూశాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"చెరువా? ఆ మొదటి ఇల్లు ఎవరిదో చూడు. మన సుబ్బక్కది. ఈ పొద్దు వాళ్ల పిల్లోణ్ని చూసుకునేదానికి ఆడపిల్లోళ్లు వస్తాండారు. బోరులో నీళ్లు లేవంటే పిల్లనిస్తారా? పదిహేను పెట్టేసింది. ఎదురింటామె చూసింది, నేనేం తక్కువా అని పదమూడు పెట్టింది. ఆ పక్కామె పద్నాలుగు. నిజంగా అన్ని నీళ్లుంటే సుబ్బక్క నిన్న ట్యాంకరు కాడ నాలుగు బిందెలకు జుట్లు పట్టుకుంటాదా?"

నాగవేణి నెత్తిన చేయి పెట్టుకుంది. నేలచెవి తప్పు చెప్పదు, ఫోను తప్పు చెప్పదు. వాకిలి మాత్రం ఇంటి పరువు చెబుతుంది. లాబులో ఎవరికీ తట్టని పొరపాటు ఇది.

"ఇప్పుడెట్ల నాయనా? మళ్లీ రేపు పొద్దున అంటే రిగ్గు వచ్చేస్తుంది."

"మీ అమ్మను పిలువు. ఇది సైన్సు కాదు."

అక్కులమ్మ వచ్చింది, విన్నది. ఎవర్నీ తిట్టలేదు. చీర చెంగు దోపుకుని పడమటి వీధికి పోయి, వీధి మధ్యలో నిలబడి, నేలచెవులన్నీ వింటే వినుకోనీ అన్నట్టు గట్టిగా అంది.

"ఏమమ్మా సుబ్బక్కా! నీ ముగ్గు శానా బాగుండాది. ట్యాంకరు ఆయన అడుగుతాండాడు, ఇంత పెద్ద ముగ్గులోళ్లకు నీళ్లెందుకు, రేపట్నుంచి ఈ వీధికి వద్దు కదా అని. నేను ఏమని చెప్పాల?"

అరగంటలో పడమటి వీధి ముగ్గులన్నీ తడిబట్టకు చెరిగిపోయాయి. సుబ్బక్క పదిహేను కాస్తా రెండైంది. ఎదురింటామెది ఒకటి. చివరింట్లో ఒట్టి పద్మం. "వచ్చేటోళ్లు వచ్చేలోపల మళ్లా పెద్దది వేసుకుంటాను, ఏమీ అనుకోవద్దు" అని సుబ్బక్క బతిమాలింది. అక్కులమ్మ సరేనంది.

అప్పుడు కనబడింది. చెరువు మాయమైంది, దాని బదులు ఒక గీత బయటపడింది. ఈశాన్యం మూల అన్నదమ్ముల ఏడు చుక్కల దగ్గర మొదలై, తొమ్మిది, పదకొండు, పది, మళ్లీ పదకొండు. పెద్ద ముగ్గులన్నీ వాలుగా ఒకే దారిన, ఎవరో దారం పట్టి పరిచినట్టు ఊరికి అడ్డంగా నడుస్తున్నాయి. ఆ దారికి అటూ ఇటూ అన్నీ చిన్న ముగ్గులే. బండలో పగులు. కొన్ని వేల ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా నీళ్లు పోతున్న దారి.

నాగవేణి చేయి ఫోను కోసం పోయి వెనక్కి వచ్చింది. కాగితం మీద రాయకూడదు, ఫోనులో ఫోటో తీయకూడదు. ఆమె కూడా షరతుకు కట్టుబడిన మనిషే. చూసి గుర్తుపెట్టుకోవడమొక్కటే దారి.

"నాయనా, నువ్వు దిగి నడువు. నేను ఇక్కణ్నుంచి చెయ్యి ఊపుతా. గీత మీదనే నడువు."

"టెంకాయ తెచ్చుకోనా?"

"తెచ్చుకో. దూరంగా కనబడతావు."

ఓబులేసు అరచేతిలో టెంకాయతో ఊళ్లో నడవడం జనం రెండేళ్లకు మళ్లీ చూశారు. ఈసారి ఆయన కళ్లు టెంకాయ మీద లేవు, ట్యాంకు మీదున్న కూతురి చేతి మీద ఉన్నాయి. కుడికి. ఇంకొంచెం కుడికి. గోడ చుట్టి రా. ముందుకి. చివరికి ఆమె రెండు చేతులూ ఎత్తింది. ఆయన నిలబడ్డది రేషను షాపు వెనక, ఊరు చెత్త పోసే పంచాయతీ జాగాలో. ముక్కు మూసుకున్న పదిమంది చుట్టూ మూగారు.

"ఓబులేసన్నా, టెంకాయ లేసిందా?"

"ల్యా. మా పాప లేపింది," అన్నాడు ఓబులేసు. "చెత్త ఎత్తండి."

* * *

పది గంటలకు జీపు వచ్చింది. ముందు విక్రాంత్ దిగాడు, వెనక, అనంతపురంలో ఎక్కిన డాక్టర్ ఇందుమతి. ఊళ్లో ఎవరో ముందురోజే ముగ్గుల సంగతి మేనల్లుడికి చెబితే ఆ మేనల్లుడు ఇంకెవరికో చెప్పాడు. హైదరాబాదులో తెల్లవారుజామున బయల్దేరి పడుతూ లేస్తూ వచ్చినట్టుంది, విక్రాంత్ తల మొదటిసారి చెదిరింది.

"నాగవేణి గారూ, ఇది పదకొండో షరతు ఉల్లంఘన."

"నోటితో ఎవరూ చెప్పలేదు సార్. ఫోనులో చెప్పలేదు, కాగితం మీద రాయలేదు, తెర మీద పెట్టలేదు."

"అంటే... ఇంకే విధంగానూ చెప్పకూడదనే కదా దాని ఉద్దేశం!"

"నేను అప్పుడు అడిగాను సార్. తెలుగులో రాసేటప్పుడు, ఇంకేమైనా చేర్చాలా అని. చాలు, మనుషులకు ఇంకేం దారులుంటాయి అన్నారు మీరు."

పదహారో అంతస్తులో వాకిలి ఉండదు. విక్రాంత్ గబగబా ఫోను తీసి వీధి పొడవునా ముగ్గులన్నిటికీ ఫోటోలు తీశాడు. మిరపకాయల కుప్పల్ని కూడా తీశాడు. పై ఆఫీసుకు పంపుతూ, చూడండి అని ఫోను తెర ఇందుమతి వైపూ, పక్కనున్న పంచాయతీ గుమస్తా వైపూ తిప్పాడు.

అక్కులమ్మ అంతసేపూ వాకిట్లో చాటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. ఇప్పుడు లేచింది.

"నాయనా, ఇవి మా అంకెలేనా?"

"అవునమ్మా, మీవే. సాక్ష్యం కోసం."

"మా అంకెలు తెర మీద ఎక్కించినావు. ముగ్గురికి చూపించినావు. మా హుసేన్ బీ గోడ మీద ఒక్క మాట అంటేనే వారం దినాలు మోటారు ఆపితిరి. మరి నీ మోటారు ఎవరు ఆపాల?"

వీధి వీధంతా గొల్లుమంది. హుసేన్ బీ అయితే మిరపకాయల పక్కనే కూలబడి నవ్వింది. విక్రాంత్ చెవులు ఆ మిరపకాయల రంగుకు తిరిగాయి. మంచివాడే పాపం. ఫోను జేబులో పెట్టుకుని, "కొంచెం మంచినీళ్లు ఇస్తారా?" అన్నాడు.

"కూర్చో," అంది అక్కులమ్మ. "మాకు ఐదు చుక్కలుండాయి. నీకొక చెంబు ఇచ్చేదానికి తక్కువేం లేదు."

ఇందుమతి మాత్రం ఆ నవ్వుల్లో లేదు. ఎప్పుడెక్కిందో, యాభై దాటిన మనిషి, చెప్పులు కింద విడిచి ట్యాంకు మీద నిలబడి ఉంది. నాగవేణి పైకి పోయేసరికి ఆమె కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంటోంది.

"పదకొండేళ్లు పని చేశాను దీని మీద," అంది ఇందుమతి. "ఇట్లా ఉంటుందన్నమాట."

"ముగ్గులు మధ్యాహ్నానికి చెరిగిపోతాయి మేడమ్."

"చెరిగిపోనీ. రేపు మళ్లీ వేస్తారు కదా."

* * *

గురువారం రిగ్గు లారీ, కంప్రెసరు లారీ ఒకదాని వెనక ఒకటి ఊళ్లోకి వచ్చాయి. నాగవేణికి అదే పొద్దున ఫోనులో మెమో కూడా వచ్చింది. ఓబులేసు అడిగాడు, "మెమో అంటే ఏందమ్మా?"

"నువ్వు ఏం చేశావో రాసి ఇవ్వు అని అడగడం నాయనా. ఉద్యోగం ఉంచాలో తీయాలో తర్వాత చూస్తారు."

"రాసియ్యి మరి. సిగ్గుపడే పని ఏమి చేసినావు?"

"మేడమ్ కూడా పైకి ఒక కాగితం రాశారు. ఊరి పటం ఊరి పంచాయతీకి ఇవ్వకపోతే తను లాబులో ఉండనని. మేమిద్దరమూ ఉంటామో, ఎవరం ఉంటామో తెలీదు."

"పోతే పోనీ. పాయింట్లు చూసుకుందాము, తండ్రీ కూతురూ," అన్నాడు ఓబులేసు. అది విని నాగవేణికి నిజంగానే భయం పోయింది.

బోరు దిగడం మొదలైంది. చెవులు చిల్లులు పడే మోత. గొట్టం పక్క నుంచి తెల్లటి బండపొడి మేఘంలా లేచి రేషను షాపు మీద, చెట్ల మీద, చూసేవాళ్ల తలల మీద పడుతోంది. వంద అడుగులు, పొడి. నూట ఎనభై, పొడి. రెండు వందల నలభై, పొడి. మూడు వందలకు ఆపేస్తారు, అంతవరకే సాంక్షన్. సుబ్బక్క దేవుణ్ని మొక్కుకుంటోంది, బుధవారం పిల్లవాడి సంబంధం కుదిరిన సంతోషంలో ఊరి కోసం కూడా ఒకటి. ఓబులేసు టెంకాయను గుండెకు హత్తుకుని నిలబడ్డాడు.

రెండు వందల డెబ్బై. నాగవేణి కళ్లు మూసుకుంది. కళ్ల ముందు ముగ్గులు వరసగా కనబడ్డాయి. తొమ్మిది, పదకొండు, పది, పదకొండు. సుబ్బక్క రెండు. అవి అబద్ధం చెప్పవు. ఇప్పుడు చెప్పవు.

"పాపా," అన్నాడు ఓబులేసు. "పొడి రావడం ఆగింది."

తెల్లటి మేఘం నల్లబడింది. బురద చిందింది. రెండు వందల ఎనభై నాలుగో అడుగు దగ్గర గొట్టంలోంచి నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచి, తెల్లపిండి పూసుకుని నిలబడ్డ ఊరందర్నీ ఒక్కసారిగా తడిపేశాయి. పెళ్లి కాని అన్నదమ్ములు ఒకర్నొకరు ఎత్తుకుని తిరిగారు. హుసేన్ బీ అక్కులమ్మ మెడ పట్టుకుంది. ఓబులేసు టెంకాయను రిగ్గు చక్రం ముందర ఒక్క దెబ్బకు రెండు చెక్కలు చేసి, మొదటి ముక్క కూతురి నోట్లో పెట్టాడు.

"ఇన్నేళ్లకు ఇది సరైన చోట పగిలింది," అన్నాడు.

ఆ గోలలో అక్కులమ్మ కనబడలేదు. నాగవేణి వెతికితే, రేషను షాపు అరుగు మీద తడవకుండా మిగిలిన బండపొడిని చీపురుతో కూడదీసి పెద్ద బేసినులోకి ఎత్తుకుంటోంది. మెత్తటి, తెల్లటి పొడి.

"ఏం చేస్తాండావమ్మా?"

"రేపటికి ముగ్గుపిండి. ఇంత తెల్లటిది అంగట్లో దొరకదు. కొత్త బోరు ముందర కూడా వేయాల కదా."

ఆమె నడుముకు దోపుకున్న ఫోను మోగింది. చేతులు దులుపుకుని ఎత్తింది. బెల్లంపాకం గొంతు.

"అక్కులమ్మ గారూ, మీ ఊళ్లో ఒకేసారి చాలా అడుగులు వినబడుతున్నాయి. గంతులు కూడా వినబడుతున్నాయి. ఏదైనా శుభకార్యమా అండీ? షామియానా, కుర్చీలు పంపమంటారా?"

అక్కులమ్మ తడిసిన మొహం మీద పిండి చారికలతో కూతురి వైపు చూసి కన్ను గీటింది.

"ఏమైందో ఫోనులో చెప్పగూడదంట తల్లీ, పదకొండో షరతు," అంది. "పొద్దున్నే ఎండ రాకముందే వచ్చి మా వాకిళ్లు చూసుకో. అందరికీ కనబడేటట్లే వేస్తాము."